కిచెన్ ప్రింటర్ ఆగితే ముందు కౌంటర్‌కి తెలియాలి

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. భీమవరంలో రెండంతస్తుల ఫ్యామిలీ రెస్టారెంట్. కింద క్యాష్ కౌంటర్, టిఫిన్ సెక్షన్. వెనక వంటింట్లో బిర్యానీ, తందూర్, చైనీస్. పైన ఏసీ హాలు. ఆర్డర్లు రాసుకునే కెప్టెన్ల చేతుల్లో నాలుగు ట్యాబ్‌లు. కొత్తగా నాలుగు ప్రింటర్లు కొన్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చి పెట్టి వెళ్లిపోయారు. ఇప్పుడు ఒక్కోసారి బిల్లు వెళ్లి టిఫిన్ సెక్షన్‌లో పడుతోంది. పరోటా ఆర్డర్ చైనీస్‌కి పోతోంది. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. ఆదివారం రాత్రి మాత్రం బిర్యానీ ప్రింటర్ అసలు పలకడం లేదు. ప్రింటర్లు మార్చెయ్యాలా అని అడిగారు.

మార్చక్కర్లేదండి. పన్నెండేళ్లుగా గోదావరి జిల్లాల్లో హోటళ్లకు బిల్లింగ్ పెడుతున్నాను. మీరు చెప్పిన వాటిలో ప్రింటర్ చెడిపోయిన లక్షణం ఒక్కటీ లేదు. పని మొదలుపెట్టే ముందు ఒక్క తేడా మాత్రం మనసులో పెట్టుకోండి. బిల్లు ప్రింటర్ ఆగితే క్యాషియర్ ఆ నిమిషంలోనే అరుస్తాడు. కిచెన్ ప్రింటర్ ఆగితే ఎవరూ అరవరు. వంట మాస్టర్ ఆర్డర్లు లేవనుకుని టీ తాగుతుంటాడు, కెప్టెన్ వంట అవుతోందనుకుంటాడు. అరగంట తర్వాత ఏడో టేబుల్ పెద్దాయన లేచి అరుస్తాడు. అందుకని కేఓటీ, అంటే వంటింట్లో పడే ఆర్డర్ చీటీ, పడకపోతే అది కౌంటర్‌కి ఎలా తెలుస్తుందన్నదే మీ అసలు ప్రశ్న కావాలి. కింద చెప్పేదంతా దాని కోసమే.

ముందు ఆదివారం సంగతి చూద్దాం. సరిగ్గా ఇలాంటి కేసే ఒకచోట నన్ను మూడు వారాలు తిప్పింది. సోమవారం వెళ్తే ప్రింటర్ బంగారంలా పనిచేసేది. కేబుల్ మార్చాను, నెట్‌వర్క్ స్విచ్ మార్చాను. చివరికి ఒక ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అక్కడే కూర్చుంటే దొరికింది. ప్రింటర్‌కి 192.168.1.105 అనే ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఎవరో చేత్తో పెట్టారు. రూటరేమో వచ్చిన ప్రతి ఫోనుకీ 100 నుంచి 200 లోపు నంబర్లు పంచుతోంది. కస్టమర్లకు ఇచ్చిన వైఫై కూడా అదే రూటర్ మీద ఉంది. జనం తక్కువున్న రోజు ఆ నంబరు ఎవరికీ వెళ్లదు. హాలు నిండితే ఏదో ఒక ఫోను 105 తీసుకుంటుంది. ఒకే డోర్ నంబరుతో రెండిళ్లుంటే పోస్ట్‌మాన్ ఏం చేస్తాడు? ఉత్తరం ఒకసారి ఇటు, ఒకసారి అటు.

మీ దగ్గరా ఇదేనా కాదా తేల్చుకోవడం తేలిక. ప్రింటర్ పలకని సమయంలోనే దాని నెట్‌వర్క్ కేబుల్ పీకెయ్యండి. కౌంటర్ పీసీలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆ ఐపీ నంబరుకి పింగ్ కొట్టండి, అంటే ఆ నంబరులో ఎవరైనా ఉన్నారా అని పిలిచి చూడండి. కేబుల్ పీకిన ప్రింటర్ జవాబివ్వకూడదు కదా. జవాబొచ్చిందంటే ఆ నంబరు ఇంకెవరి జేబులోనో ఉందన్నమాట.

సరిచేయడానికి ఓ గంట పడుతుంది. ప్రింటర్ ఆపి, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేయండి. దాదాపు అన్ని థర్మల్ ప్రింటర్లూ (సిరా లేకుండా వేడితో అచ్చువేసేవి) ఇలా చేస్తే సెల్ఫ్ టెస్ట్ చీటీ ఇస్తాయి, నెట్‌వర్క్ మోడళ్లయితే అందులో ఐపీ, మ్యాక్ అడ్రస్ (ఫ్యాక్టరీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ఉంటాయి. ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, థర్మల్ కాగితం కొన్నాళ్లకి వెలిసిపోతుంది. తర్వాత రూటర్‌లో డీహెచ్‌సీపీ రేంజ్, అంటే అది తనంతట పంచే నంబర్ల వరస, 100 నుంచి 200 అని ఉంటే దాన్ని ముట్టుకోకుండా ప్రింటర్లకు దాని బయటి నంబర్లు ఇవ్వండి: బిల్లుకు 192.168.1.21, టిఫిన్‌కి 22, బిర్యానీకి 23, చైనీస్‌కి 24. రూటర్‌లోనే మ్యాక్ అడ్రస్ పేరిట నంబరు రిజర్వ్ చేసే పద్ధతి కూడా ఉంది. అదీ మంచిదే గానీ మన దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ కంటే ప్రింటర్ ముందు లేస్తుంది. అడిగినప్పుడు నంబరిచ్చే నాథుడు ఉండడు. అందుకే ప్రింటర్‌లోనే స్థిరంగా పెట్టేస్తాను. పెట్టిన నంబరు స్టిక్కర్ మీద రాసి ప్రింటర్‌కి అంటించండి. రాత్రి పదింటికి ఫోన్‌లో ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆ స్టిక్కరే దిక్కు.

ఒక జాగ్రత్త. ఒకే మోడల్ ప్రింటర్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి ఒకే ఐపీతో వస్తాయి. నాలుగూ ఒకేసారి స్విచ్‌కి తగిలిస్తే నాలుగూ కొట్టుకుంటాయి. ఒకటి తగిలించి, నంబరు మార్చి, చీటీ తీసి చూసి, అప్పుడు రెండోది. ఫ్యాక్టరీ నంబరు మీ రూటర్ వరసలో లేకపోతే, అంటే 192.168.1 బదులు 192.168.123 అని ఉంటే, లాప్‌టాప్ ఐపీని కాసేపు ఆ వరసలోకి మార్చుకుని ప్రింటర్ సెట్టింగ్‌లోకి వెళ్లాలి.

కస్టమర్ వైఫైని గెస్ట్ నెట్‌వర్క్‌గా విడగొట్టండి. కెప్టెన్ల ట్యాబ్‌లు మాత్రం పొరపాటున కూడా దాంట్లోకి వెళ్లకూడదు. గెస్ట్‌లో ఉన్న పరికరానికి లోపలి ప్రింటర్ కనపడదు. పాస్‌వర్డ్ తేలికని కెప్టెన్లే గెస్ట్‌కి మార్చుకుని, ట్యాబ్ పాడైందని చెప్పిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

కిచెన్ ప్రింటర్లకి వైఫై వద్దు, బ్లూటూత్ అసలే వద్దు. మైక్రోవేవ్ ఓవెన్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే తరంగాల్లో పనిచేస్తాయి, పైగా వంటిల్లంతా స్టీలు. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పోతుంది, మీ పై అంతస్తుకి కూడా చాలు. యూఎస్‌బీ కేబుల్‌ని అయిదు మీటర్లు దాటి లాగకండి. గోడలో పైపు వేసేటప్పుడు ఒక్కో సెక్షన్‌కి రెండేసి కేబుళ్లు వెయ్యండి. ఎలుకల సంగతి మీకు నేను చెప్పాలా.

ఇక బిల్లు తప్పుడు చోట పడటం. ఇది మూడొంతులు విండోస్ చేసే పని. యూఎస్‌బీ ప్రింటర్‌ని ఒక సాకెట్ నుంచి తీసి ఇంకో సాకెట్‌లో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని 'కాపీ 1' అని ఇంకొకటి పుట్టిస్తుంది. సాఫ్ట్‌వేర్ పాత పేరుకే పంపుతూ ఉంటుంది. ఇంకోటి, డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ తనే చూసుకునే సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయిపోతుంది. టిఫిన్ కేఓటీ పడిన వెంటనే బిల్లు కొట్టి చూడండి, అక్కడికే వెళ్తుంది. దాన్ని ఆపేయండి. ప్రింటర్ల పేర్లను మోడల్ నంబర్లతో వదిలెయ్యకుండా బిల్లు, టిఫిన్, బిర్యానీ, చైనీస్ అని ఇంగ్లీషులో మార్చుకోండి. నెట్‌వర్క్ ప్రింటర్లను స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ద్వారా, రా మోడ్‌లో, 9100 పోర్ట్ నంబరుతో జోడించండి. అదే పోర్ట్ సెట్టింగ్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అని ఒక టిక్ ఉంటుంది, తీసెయ్యండి. అది ఉంటే ప్రింటర్ బాగానే ఉన్నా విండోస్ 'ఆఫ్‌లైన్' అని బిగుసుకు కూర్చుంటుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ట్యాబ్ నుంచి కేఓటీ నేరుగా ప్రింటర్‌కి వెళ్తుందా, కౌంటర్ పీసీ మీదుగా వెళ్తుందా? పీసీ మీదుగా అయితే పీసీ నిద్రపోతే వంటిల్లు నిద్రపోయినట్టే. స్లీప్ 'నెవర్' అని పెట్టండి, విండోస్ అప్‌డేట్ రీస్టార్ట్‌లు భోజనాల వేళ రాకుండా యాక్టివ్ అవర్స్ సరిచేయండి. నేరుగా అయితే నాలుగు ట్యాబ్‌లలోనూ నాలుగు ప్రింటర్ల నంబర్లూ ఒకేలా ఉండాలి. ఈ రకం ప్రింటర్లు చాలావరకు ఒక సమయంలో ఒక్క కనెక్షనే తీసుకుంటాయి, యాప్ ప్రింట్ అయ్యాక లైన్ వదలకపోతే మిగతా ట్యాబ్‌లు బయట క్యూలో నిలబడతాయి. బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే ప్రతిసారీ ప్రింట్ విండో తెరుచుకుంటుంది. క్రోమ్‌ని కియోస్క్ ప్రింటింగ్ మోడ్‌లో నడిపితే ఆ విండో రాదు గానీ డిఫాల్ట్ ప్రింటర్ ఒక్కదానికే వెళ్తుంది. నాలుగు ప్రింటర్లకు పంచాలంటే పీసీలో నడిచే చిన్న ప్రింట్ యాప్ ఒకటి వాళ్లే ఇవ్వాలి.

పరోటా చైనీస్‌కి పోవడంలో కంప్యూటర్ తప్పు లేదు. మెనూలో పరోటాని 'స్టార్టర్స్' కింద రాసి, స్టార్టర్స్‌ని చైనీస్‌కి కట్టేసి ఉంటారు. మెనూ కార్డు మీద వరస కస్టమర్ కోసం, కేఓటీ వరస మంట కోసం. రెండూ ఒకటి కావు. ఒక కాగితం తీసుకుని మాస్టర్లను కూర్చోబెట్టి, ప్రతి ఐటమ్ ఏ పొయ్యి మీద అవుతుందో రాయించండి. చికెన్ 65 ఎవరిది? మీ దగ్గర చైనీస్ వాళ్లది కావచ్చు, ఇంకోచోట కర్రీ మాస్టర్‌ది. రెండు సెక్షన్లు కలిసే కాంబోలను ముక్కలు చేయించండి, లేకపోతే రోటీలు ముందొచ్చి కూర కోసం ఎండుతుంటాయి. నాలుగు సెక్షన్లకు మూడు కిచెన్ ప్రింటర్లే ఉన్నాయి కాబట్టి తందూర్‌ని ప్రస్తుతానికి బిర్యానీ ప్రింటర్‌కే కట్టి, చీటీ మాత్రం విడిగా కట్ అయ్యేలా పెట్టండి.

కొత్తగా చేర్చిన ఐటమ్‌కి ప్రింటర్ కట్టకపోతే ఏమవుతుందో కూడా అడగండి. చాలా సాఫ్ట్‌వేర్లలో బిల్లులో వస్తుంది, కిచెన్‌లో ఎక్కడా పడదు. పండక్కి స్పెషల్ పెట్టిన రోజే ఇది జరుగుతుంది.

చీటీ ఎలా ఉండాలో ఇప్పుడు. 80 మిల్లీమీటర్ల కాగితం మీద మామూలు అక్షరాలు వరసకు 48 పడతాయి, 58 మిల్లీమీటర్ల దాని మీద 32. మాస్టర్ మూడడుగుల దూరం నుంచి చదవాలి కాబట్టి అక్షరం రెట్టింపు వెడల్పు చేస్తాం, అప్పుడు 24, 16 అవుతాయి. చికెన్ ఫ్రై పీస్ బిర్యానీ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఖాళీలతో కలిపి 25. చివరి 'ఐ' అక్షరం ఒంటరిగా కింది వరసలో పడి ఏడుస్తుంది. అందుకే కేఓటీ కోసం పొట్టి పేర్లు వేరుగా పెట్టుకోండి. సంఖ్య ముందు, పేరు తర్వాత. టేబుల్ నంబరు పైన పెద్దగా. పార్సిల్ అయితే పార్సిల్ అని అన్నిటికంటే పెద్దగా. కారం తక్కువ, ఉల్లిపాయ వద్దు లాంటి మాటలు ఆ ఐటమ్ కిందే ఉండాలి, చీటీ అడుగున కాదు. ధర, ఫోన్ నంబరు, లోగో కేఓటీ మీద అక్కర్లేదు. లోగో ముచ్చట బిల్లు మీద తీర్చుకోండి.

రెండు చీటీల విషయంలో గట్టిగా ఉండండి. ఐటమ్ రద్దు చేస్తే రద్దు చీటీ అదే సెక్షన్‌లో పడాలి. రెండోసారి ప్రింట్ తీస్తే పైన 'డూప్లికేట్' అని రావాలి, లేకపోతే అదే బిర్యానీ రెండుసార్లు వడ్డించి రెండో దాని డబ్బు మీరు కట్టుకుంటారు.

ఇక నేను ఎక్కడికెళ్లినా పట్టుబట్టి పెట్టించేది: సెక్షన్ వారీ వరస నంబరు. టిఫిన్‌కి 1, 2, 3, బిర్యానీకి విడిగా 1, 2, 3, రోజూ పొద్దున్న మళ్లీ ఒకటి నుంచి. మాస్టర్ చీటీని మేకుకి గుచ్చేటప్పుడు 39 తర్వాత 41 కనపడితే '40 ఏదిరా' అని కేక వేస్తాడు. చదువు రాకపోయినా అంకెలు అందరికీ వచ్చు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అలారం కంటే ఈ కేక ఎక్కువసార్లు పనిచేసింది నాకు. మొత్తం రెస్టారెంట్‌కి ఒకే వరస పెడితే మాత్రం ఈ లాభం పోతుంది, ఒక్కో సెక్షన్‌లో నంబర్లు ఎలాగూ దాటుతూనే ఉంటాయి కాబట్టి.

తెలుగు సంగతి. చాలా థర్మల్ ప్రింటర్ల మెమరీలో తెలుగు అక్షరాలు ఉండవు. సాఫ్ట్‌వేర్ నేరుగా అక్షరాల కోడ్ పంపితే ప్రింటర్‌కి తెలియక ప్రశ్నార్థకం వేస్తుంది. రూపాయి గుర్తు కూడా అంతే, అది యూనికోడ్‌లోకి వచ్చిందే 2010లో. బిల్లు మీద 'రూ.' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుంటే గొడవ వదులుతుంది. తెలుగు కావాలంటే వరసని బొమ్మగా మార్చి పంపాలి. విండోస్ డ్రైవర్ ద్వారా ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో నిర్మలా యూఐ లాంటి ఫాంట్ పెడితే ఒత్తులతో సహా చక్కగా వస్తుంది. డ్రైవర్ లేకుండా నేరుగా ఈఎస్‌సీ/పీఓఎస్ (బిల్లు ప్రింటర్ల ఆదేశాల భాష) కోడ్ పంపే సాఫ్ట్‌వేర్ అయితే 'ఇమేజ్ ప్రింట్' అనే ఆప్షన్ ఉందేమో చూడండి. బొమ్మగా పంపితే కాస్త నెమ్మదిస్తుంది, కేఓటీకి అది లెక్కలోది కాదు. కానీ ముందు ఆ చీటీ చదివేదెవరో చూడండి. టిఫిన్ మాస్టర్ మన ఊరివాడైతే తెలుగు బాగుంటుంది. మా వైపు చైనీస్ సెక్షన్‌లో ఒడిశా, బెంగాల్, నేపాల్ కుర్రాళ్లు ఎక్కువ, వాళ్లకి ఇంగ్లీషు అక్షరాలే నయం. సెక్షన్‌కో భాష పెట్టడం తప్పేం కాదు.

కాగితం గురించి ఒక ముక్క. థర్మల్ రోల్‌కి ఒకవైపే పూత ఉంటుంది, గోరుతో గీస్తే నల్లబడేది అసలు వైపు. రోల్ తిరగేసి పెడితే ప్రింటర్ శబ్దం చేస్తూ తెల్ల కాగితం తోస్తుంది. కొత్త కుర్రాడు వచ్చిన వారంలో 'ప్రింటర్ పాడైంది' అనే ఫోన్ ఇదే. ఈ కాగితం వేడికి నల్లబడేది కాబట్టి తందూర్ పక్కన పెడితే చీటీ మొత్తం నల్లబడి ఏమీ కనపడదు. ప్రింటర్‌ని పొయ్యికి దూరంగా, వంట ఇచ్చే కిటికీ దగ్గర, కంటి ఎత్తులో గోడకి పెట్టించండి. తందూర్‌కి ఎప్పుడైనా విడిగా కొంటే ఎప్సాన్ టీఎం-యూ220 లాంటి రిబ్బన్ ప్రింటర్ చూడండి. 76 మిల్లీమీటర్ల మామూలు కాగితం, వేడికి చెక్కుచెదరదు, రద్దు చీటీ ఎర్ర సిరాలో వేయించవచ్చు. గరగరమని చప్పుడు చేస్తుంది, వంటింట్లో ఆ చప్పుడే గంట. థర్మల్ వాటికి బజర్ ఉందేమో చూసి ఆన్ చేయించండి. వారానికోసారి ప్రింటర్ ఆపి, అక్షరాలు వేసే హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. చాకు మొనతో గీకకండి, హెడ్ పోతే ప్రింటర్ ధరలో పెద్ద భాగం పోయినట్టే.

కరెంటు విషయంలో అందరూ ఒకే తప్పు చేస్తారు. పీసీకి యూపీఎస్ పెడతారు, రూటర్‌ని, నెట్‌వర్క్ స్విచ్‌ని వదిలేస్తారు. జనరేటర్ ఎత్తుకునే ఆ అర నిమిషంలో పోయేవి అవే, లేవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకునేవీ అవే. ఆ లోపు కొట్టిన కేఓటీలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. రూటర్, స్విచ్, కిచెన్ ప్రింటర్లు అన్నీ యూపీఎస్ మీదికి రావాలి. రూటర్ కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ప్రింటర్‌ని మొయ్యలేదు, ప్రింటర్ ఎక్కువగా 24 వోల్టులది.

బిల్లు ప్రింటర్‌లో చెప్పడానికి పెద్దగా లేదు. క్యాష్ డ్రాయర్ వైరు ప్రింటర్ వెనక టెలిఫోన్ సాకెట్ లాంటి దాంట్లో పెట్టాలి, తెరవడానికి 27, 112, 0, 25, 250 అనే కోడ్ ఎక్కువ ప్రింటర్లకు పనిచేస్తుంది. నగదు బిల్లుకే తెరుచుకునేలా పెట్టండి. బిల్లు మీద జీఎస్‌టీ నంబరు, 2022 జనవరి 1 నుంచి తప్పనిసరైన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్స్) నంబరు ఉండాలి. మామూలు రెస్టారెంట్‌కి ఉండే 5 శాతం జీఎస్‌టీ, సీజీఎస్‌టీ 2.5, ఎస్‌జీఎస్‌టీ 2.5గా విడిగా కనపడాలి. మీరు జీఎస్‌టీ కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులకుండే సులువు పద్ధతి) ఉంటే పన్ను వరస అసలు రాకూడదు, అప్పుడది 'బిల్ ఆఫ్ సప్లై'. మీ ఆడిటర్‌ని అడిగి ఒక నమూనా బిల్లు మీద సంతకం పెట్టించుకోండి. థర్మల్ బిల్లు కాపీలు దాచిపెట్టి లాభం లేదు, ఏడాది తిరిగేసరికి తెల్లబడతాయి. లెక్కలు కంప్యూటర్‌లోనే, రోజూ బ్యాకప్‌తో ఉండాలి.

ఇవన్నీ అయ్యాక శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, రద్దీ లేనప్పుడు, ఒక పరీక్ష పెట్టండి. అన్ని సెక్షన్ల ఐటమ్‌లూ ఉన్న ఒక ఆర్డర్ పై హాలు నుంచి కొట్టి చీటీలు సరిగ్గా పంచుకున్నాయో చూడండి. తర్వాత బిర్యానీ ప్రింటర్ కేబుల్ పీకి ఇంకో ఆర్డర్ కొట్టండి. తర్వాత రోల్ తీసేసి ఒకటి. మూత తెరిచి ఉంచి ఒకటి. ఆఖరున రూటర్ ఆపి ఒకటి. ప్రతిసారీ కౌంటర్ దగ్గర నిలబడి వాచీ చూసుకోండి: స్క్రీన్ మీద ఎర్రగా ఏదైనా వచ్చిందా, ఎన్ని సెకన్లకు? ఆ కేఓటీ బిల్లు ప్రింటర్‌కి మళ్లిందా? తిరిగి కలిపాక ఆగిన చీటీ ఒక్కసారే పడిందా, రెండుసార్లా, అసలు పడలేదా?

స్క్రీన్ మీద ఏమీ రాకపోతే, సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడాల్సింది ఆ ఒక్క విషయమే. వాళ్లు సరిచేసేదాకా కార్బన్ పెట్టిన పాత కేఓటీ పుస్తకం ఒక్కో కెప్టెన్ జేబులో ఉంచండి. అదే మోడల్ ప్రింటర్ ఇంకొకటి కొని కౌంటర్ కింద పెట్టుకోండి, ఏది ఆగితే దాని నంబరు దీనికిచ్చి పది నిమిషాల్లో మార్చెయ్యవచ్చు. ఆదివారం రాత్రి పింగ్‌కి ఏం జవాబొచ్చిందో మాత్రం నాకు చెప్పండి. కారణం ఫోన్ కాకపోతే ఇంకోచోట వెతకాలి.